కత్తి లేని చెయ్యి

"మీరు తప్పుగా అనుకోకండి గానండి టీచర్ గారూ, మా ఇంట్లో ఎడంచేత్తో బిచ్చగాడిక్కూడా గుప్పెడు బియ్యం వెయ్యమండి. అలాంటిది అంతమంది పెద్దోళ్ళ ముందు ఆ పిల్ల మావాడికి ఎడంచెయ్యి చాపింది. చాపితే చాపింది, చిన్నపిల్ల, తెలీదు అనుకుందాం. మరి శిక్ష మావాడికేంటండీ?"

"ముందు కూర్చోండి అచ్చిబాబు గారూ."

"కూర్చోడానికి రాలేదండి."

"సరే, నిలబడే మాట్లాడుకుందాం. శిక్ష ఎడంచెయ్యి గురించి కాదండి."

"మరి దేని గురించో చెప్పండి. నిన్నట్నుంచి మా బావగారు ఒకటే ఎగతాళి. షెడ్డిచ్చి మరీ ఎడంచెయ్యి పుచ్చుకున్నావు బావా, అంటున్నాడు."

షెడ్డు వెనక బోరు దగ్గర బకెట్ నింపుతున్న రాజ్ కుమార్‌కి రేకుల సందులోంచి ప్రతి మాటా వినిపిస్తోంది. కడియం నర్సరీల వాళ్ళకి మర్యాద ఎక్కువ. దెబ్బలాడుకున్నా అండీ తగిలించే దెబ్బలాడుకుంటారు. రాజ్ కుమార్‌కి అంత ఓపిక లేదు. బి.కాం. రెండో ఏడు మధ్యలో, పాఠం జరుగుతుండగానే బెంచీ మీంచి లేచి వచ్చేసి మళ్ళీ ఆ గేటు మొహం చూడనివాడు. రావులపాలెంలో అరటి గెలల లోడింగ్ చూశాడు, యజమానితో మాటామాటా వచ్చింది. రాజమండ్రిలో సెల్‌ఫోన్ షాపులో కూర్చున్నాడు, కొనడానికొచ్చినవాడితోనే 'ఇది మంచి ఫోన్ కాదండి' అన్నాడు. చివరికి మేనత్త రూతు టీచర్ పిల్లలకి ఫెన్సింగ్ అనే కత్తి ఆట నేర్పే క్లబ్బులో రిఫరీగా తేలాడు. అంతవరకూ వాడు విసుగు పుట్టకుండా చేసిన పని అదొక్కటే.

బకెట్ పట్టుకుని లోపలికొచ్చి, ఎవరూ అడక్కుండానే అనేశాడు.

"మీవాడికి పొగరండి. చిట్టియ్య కూతురు మీవాణ్ణి గెలిచింది. మీ నర్సరీలో మట్టి మోసేవాడి కూతురు చెయ్యి ముట్టుకోడానికి మీవాడికి మనసొప్పలేదు. అంతే. ఎడమా లేదు, కుడీ లేదు."

అచ్చిబాబు మొహం కందిపోయింది.

"రాజూ, బకెట్ అక్కడ పెట్టి బయటికెళ్ళు" అంది రూతు.

"వద్దులెండి, నేనే వెళ్తాను. శనివారంలోగా షెడ్డు ఖాళీ చేయించండి టీచర్ గారూ. మామిడి అంట్ల లోడు వస్తోంది, దింపుకోడానికి నాకు చోటు కావాలి. ఉంటానండి."

అంత కోపంలోనూ 'ఉంటానండి' అని చెప్పే వెళ్ళాడాయన.

రూతు టీచర్ ఆ ఊరి హైస్కూల్లో పిల్లలకి ఆటలు నేర్పే పి.ఇ.టి. రాజమండ్రిలో ఉంటుంది. భర్తకి పేపర్ మిల్లులో షిఫ్టు డ్యూటీ. తండ్రి జ్ఞానప్రకాశం గారు లూథరన్ చర్చి బళ్ళో లెక్కల మాస్టారు. కూతురు కూడా చాక్‌పీసు పట్టుకుంటుందనుకున్నాడాయన. ఈవిడేమో ఈటె పట్టుకుంది. కాలేజీలో ఉన్నంతకాలం ఈటె విసిరింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఎవరికీ తెలియని ఆటలేవో నేర్పుతామంటూ హైదరాబాదులో వేసవి శిబిరం పెట్టారు. ఆ ఎండల్లో ఎవరు పోతారని సీనియర్లందరూ తప్పుకుంటే జూనియర్ని తోసేశారు. వెళ్ళింది. సన్నగా, పొడుగ్గా, మొనకి చిన్న బొడిపె ఉన్న ఒక కత్తిని ఆమె అక్కడే మొదటిసారి చూసింది. దాన్ని ఫాయిల్ అంటారు.

అక్కడి కోచ్ చాలా రోజులు వాళ్ళ చేతికి కత్తే ఇవ్వలేదు. అడుగు ముందుకి, అడుగు వెనక్కి, అంతే. ఒకరోజు తన పాత మాస్కు తెచ్చి చూపించాడు. మొహానికి అడ్డంగా ఉండే ఇనుప జాలీలో, సరిగ్గా కుడికన్ను ఎదురుగా, ఒక సొట్ట. "ఇది నా స్నేహితుడు చేసింది. శత్రువు కాదు" అన్నాడట. ఆటంతా మరిచిపోయినా ఆ సొట్టని మరిచిపోనంటుంది రూతు.

అలా నేర్చుకొచ్చిన ఆటని ఆవిడ కడియంలో దింపింది. మొదట్లో జనం నవ్వారు. తర్వాత పిల్లలు వచ్చారు. ఆవిడ దగ్గర ఆట కంటే ముందు నేర్చుకోవలసినవి చాలా ఉంటాయి. ఆడపిల్లలు గాజులూ చెవి పోగులూ తీసి బోర్న్‌విటా డబ్బాలో వెయ్యాలి. జడ మడిచి, ఆటకి వేసుకునే మందపాటి జాకెట్ లోపలికి దోపుకోవాలి. హవాయి చెప్పులతో వచ్చినవాడు ఆ పూట కూర్చుని చూడాల్సిందే. మాస్కుల జాలీని పొద్దున్నే బొటనవేలితో నొక్కి నొక్కి చూస్తుంది. మెత్తగా తగిలితే దాన్ని పక్కన పడేస్తుంది, అది ఎంత కొత్తదైనా సరే. ఇక్కడి దర్జీ 'అచ్చం అలాంటి జాకెట్టే కాన్వాసుతో కుట్టిస్తానండి, సగానికి సగం తక్కువ' అన్నప్పుడు ఆవిడ నవ్వి, "బాబూ, నువ్వు కుట్టింది వేసుకుని నువ్వే ముందు నిలబడతావా?" అంది. ఆయన మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఈ అలవాటు షెడ్డు దాటి ఇంటిదాకా వచ్చేసింది. పెళ్ళిలో కేకు కోసే చాకు పట్టుకుని మరిది సరదాగా ఆడిస్తుంటే, ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి "మొన కిందికి" అందట. గొడుగు చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగేవాళ్ళని చూస్తే ఆవిడకి పడదు. చుట్టాలు ఆవిడ వెనక నవ్వుకుంటారు. రాజ్ కుమార్ అయితే ఎదురుగానే నవ్వుతాడు.

షెడ్డు ఇచ్చింది అచ్చిబాబే. ఆయన కొడుకు దుర్గాసాయికి ఈ ఆట మీద మనసు పడింది. బడి వరండాలో సిమెంటు మీద జారిపడుతున్నారని, మొక్కల సంచుల్లో మట్టి నింపే తన షెడ్డుని సాయంత్రాలు వాడుకోమన్నాడు. ఆ మాట చెప్పినవాడు చెడ్డవాడు కాడు. అది రూతుకి తెలుసు, రాజ్ కుమార్‌కే అప్పటికి తెలియలేదు.

కాకినాడలో శనివారం జిల్లా సెలక్షన్లు. 2006లో, పుష్కరాలు వెళ్ళిన మూడో ఏడు. తూర్పుగోదావరి జట్టులోకి కడియం నుంచి ఇద్దరి పేర్లు అనుకున్నారు. ఒకడు దుర్గాసాయి, ఇంకొకరు చిట్టియ్య కూతురు వినీల. వెళ్ళేముందు ఒకసారి పెద్దవాళ్ళకి చూపిద్దామని రూతు ఒక సాయంత్రం ఆట పెట్టింది. అచ్చిబాబు, వాళ్ళ బావగారు, ఇంటి ఆడవాళ్ళు కుర్చీల్లో. చిట్టియ్య పూలకుండీల పక్కన గొంతుక్కూర్చున్నాడు. రాజ్ కుమార్ రిఫరీ.

వినీల గెలిచింది. ఇద్దరూ మాస్కులు తీశారు. కత్తి పైకెత్తి సెల్యూట్ చేశారు. ఆట అయ్యాక కరచాలనం చెయ్యాలి, కత్తి లేని చేత్తో. కుడిచేతివాటం వాళ్ళకి అది ఎడంచెయ్యే అవుతుంది. పిల్లలు రోజూ చేసేదే, ఎవరూ దాని గురించి ఆలోచించిందే లేదు. వినీల మామూలుగా ఎడంచెయ్యి చాపింది. దుర్గాసాయి చాపబోయి, ఎదురుగా కుర్చీల్లో మేనమామని, నాన్నని చూసి ఆగిపోయాడు. గబగబా కత్తిని కుడిచేతిలోంచి ఎడంచేతిలోకి మార్చుకుని కుడిచెయ్యి చాపాడు. ఈలోగా వినీల చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. కుర్చీల్లో గుసగుస మొదలైంది. చిట్టియ్య లేచి నిలబడ్డాడు.

రూతు విజిల్ వేసింది. "సాయీ, ఈ నెలంతా నువ్వు కత్తి పట్టుకోవద్దు. శనివారం రావద్దు" అని చెప్పేసింది. ఇంకేమీ చెప్పలేదు. పిల్లలెదుట ఎవరినీ నిలదీసి పాఠం చెప్పదావిడ. మర్నాడు విడిగా పిలిచి చెప్పడం ఆవిడ పద్ధతి. కానీ ఈసారి మర్నాడు పిల్లాడి కంటే ముందు తండ్రి వచ్చాడు.

అచ్చిబాబు వెళ్ళాక కాసేపటికి చిట్టియ్య వచ్చాడు. చేతులకి ఇంకా మట్టి ఉంది. వెనకాల వినీల, తల వంచుకుని.

"టీచరమ్మగారండీ, పిల్ల చేత అయ్యగారికి సారీ చెప్పించేస్తానండి. పోయేదేముందండి. షెడ్డు పోతే పిల్లలందరి ఆటా పోద్ది కదండీ."

"నేను రూలు ప్రకారమే చేశానండి టీచర్" అంది వినీల, నేలనే చూస్తూ.

"నోర్ముయ్యవే."

"దాన్నేమీ అనకు చిట్టియ్యా. ఇవాళ సారీ చెప్పించావనుకో, శనివారం కాకినాడలో ఆట అయ్యాక అది ఏ చెయ్యి చాపాలి? చాపాలా వద్దా అని ఆలోచించుకుంటూ నిలబడిపోతుంది. ఆ పిల్ల తప్పేమీ చెయ్యలేదు. సారీ చెప్పదు."

"షెడ్డండీ మరి?"

"షెడ్డు పోతే పోయింది."

ఆ మాట మెల్లగానే అంది. కానీ చిట్టియ్య వెళ్ళాక ఆవిడ షెడ్డులో ఒక చివర్నుంచి రెండో చివరకి నడిచి వచ్చింది. గోడన తగిలించిన మాస్కుల్ని ఒక్కొక్కదాన్నీ ముట్టుకుంది. ఎనిమిదేళ్ళ కష్టం అది. మళ్ళీ సిమెంటు వరండాకి పోతే సగంమంది పిల్లలు రారని ఆవిడకి తెలుసు. బల్ల మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేనన్నదాంట్లో తప్పేముందత్తా? వాడు పొగరుతోనే చెయ్యివ్వలేదు."

"నువ్వు ఎక్కడ నిలబడ్డావురా?"

"మధ్యలో. రిఫరీని కదా."

"మరి నీక్కనపడలేదా? వాడు చెయ్యివ్వకపోవడమేంటి, కుడిచెయ్యి ఇవ్వబోయాడు. పెద్దవాళ్ళెదుట ఆడపిల్లకి ఎడంచెయ్యిస్తే తప్పని వాడికి ఇంట్లో నేర్పారు. మర్యాద కోసమే కత్తి మార్చాడు, పాపం. మార్చేటప్పుడు మొన ఎక్కడికి వెళ్ళిందో చూశావా?"

రాజ్ కుమార్ చూడలేదు. అందరిలాగే వాడూ చేతులే చూశాడు.

"ఆ పిల్ల కంటి పక్కనుంచి పోయింది. ముంగురులు కదిలాయి. మాస్కు లేదు మొహానికి. అందుకే ఆపాను. కులం గురించీ కాదు, ఎడమ గురించీ కాదు. నువ్వు ఆయన మొహం మీద పొగరన్నావు. ఇప్పుడు ఆయనకి నేనేం చెప్పినా అదే వినిపిస్తుంది."

వాడు బకెట్ తీసుకుని మళ్ళీ బోరు దగ్గరికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఒక ఫాయిలు, రెండు మాస్కులు సంచిలో పెట్టుకుని అచ్చిబాబు నర్సరీకి బయల్దేరింది. రాజ్ కుమార్ని కూడా రమ్మంది. నోరు తెరవకూడదన్న షరతు మీద.

నర్సరీ గేటు దగ్గర పుణె లారీకి మందారాలూ క్రోటన్లూ ఎక్కిస్తున్నారు. రెండో లారీ మామిడి అంట్లతో నిలబడి ఉంది. చిట్టియ్య అక్కడి కూలీల్లో ఉన్నాడు. దుర్గాసాయి యూనిఫాంలో, బడికి వెళ్ళబోతూ, వీళ్ళని చూసి చెట్టు చాటుకి తప్పుకున్నాడు. అచ్చిబాబు కోపం కోపమే, కానీ వాకిట్లోకొచ్చిన మనిషికి కుర్చీ వెయ్యకుండా ఉండగలడా. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు.

"షెడ్డు గురించైతే మాట్లాడకండి టీచర్ గారూ. లోడు చూశారుగా, వచ్చేసింది."

"షెడ్డు గురించి కాదండి. ఒక్క నిమిషం ఈ మాస్కు పెట్టుకుంటారా?"

"నేనాండీ?"

"మీరేనండి. సాయిని కూడా పిలవండి."

కూలీలు పని ఆపి చూస్తున్నారు. అచ్చిబాబుకి నవ్వొచ్చింది, మొహమాటమూ వచ్చింది. తలపాగా తీసి పక్కన పెట్టి మాస్కు తొడుక్కున్నాడు. లారీ మీంచి ఎవరో "అయ్యగారు అంతరిక్షంలోకెళ్తున్నారేంట్రోయ్" అన్నారు. ఆయన లోపలినుంచే "ముందు నువ్వు కుండీ సరిగా పట్టుకోరా" అన్నాడు.

రూతు మాత్రం నవ్వలేదు. కూలీలని కుండీల వరస అవతలికి జరగమంది. రెండో మాస్కు సాయికి ఇచ్చింది. మొన బొడిపెని వేళ్ళతో నొక్కి చూసి కత్తి కుర్రాడి చేతికిచ్చింది.

"నెల రోజులన్నాను, ఇది మాత్రం మినహాయింపు. మీ నాన్నగారు మొన్నటి వినీల అనుకో. ఆట అయిపోయింది. మొన్న ఏం చేశావో అచ్చం అలాగే చెయ్యి. అంతే తొందరగా. అచ్చిబాబు గారూ, మీరు ఎడంచెయ్యి చాపండి."

అచ్చిబాబు చెయ్యి చాపాడు. దుర్గాసాయి గబుక్కున కత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు.

టక్‌మని చప్పుడైంది. మొన జాలీకి, సరిగ్గా తండ్రి కన్ను ముందు, తగిలి జర్రున పక్కకి జారింది.

ఆయన ఒక్కసారిగా తల వెనక్కి లాక్కున్నాడు. కుర్రాడి చేతిలోంచి కత్తి జారి మట్టిలో పడింది.

అచ్చిబాబు మాస్కు తీసి, రెండు చేతులతో పట్టుకుని, ఆ జాలీ వంక కాసేపు చూశాడు.

"ఆ పిల్లకి మొన్న ఇది లేదు కదండీ?"

"లేదండి. తీసేశారు అప్పటికి."

"అందుకా ఎడంచెయ్యి?"

"కత్తి ఉన్న చెయ్యి కదలకూడదండి. మనిషి దగ్గరికి వెళ్ళేది ఖాళీ చెయ్యి. ఎదుటివాడు ఎడంచేతివాటం వాడైతే వాడు కుడిచెయ్యే ఇస్తాడు. ఇందులో చిన్నచూపేమీ లేదు. ముందే మీకు చెప్పి ఉండాల్సింది నేను. పెద్దవాళ్ళని పిలిచి కూర్చోబెట్టి, ఇది చెప్పకపోవడం నా పొరపాటు."

అచ్చిబాబు లారీ వైపు తిరిగాడు. "చిట్టియ్యా."

"అయ్యగారండీ."

"మీ అమ్మాయికేమీ కాలేదు కదా?"

"ఏం కాలేదండయ్యా."

"కంటికీ?"

"ఏం లేదండి. బానే ఉందండి."

ఆయన తల ఊపాడు. కొడుకు మట్టిలోంచి కత్తి తీసి, మొన నేలకి దించి, రూతు చేతికిచ్చాడు. ఏడుస్తున్నాడు గానీ చప్పుడు లేదు.

"సరేనండి టీచర్ గారూ. వాడికి తెలిసొచ్చింది కదా. శనివారం తీసుకెళ్ళండి మరి. ఏడాదంతా కష్టపడ్డాడండి."

రాజ్ కుమార్ అత్త వంక చూశాడు. ఈ ఒక్క మాటకి ఊ అంటే షెడ్డు ఉంటుంది. అంట్ల లారీ ఎదురుగానే ఉంది, డ్రైవరు స్టీరింగు మీద చెయ్యేసి ఎటు తిప్పమంటారని చూస్తున్నాడు.

"లేదండి అచ్చిబాబు గారూ. ఈసారికి లేదు."

"ఒక్కసారికి కూడానా?"

"ఇంకొకళ్ళయితే తీసుకెళ్ళనుగా. మీ షెడ్డులో ఆడుతున్నానని మీవాణ్ణి తీసుకెళ్తే, రేపట్నుంచి నా మాట ఏ పిల్లా వినదండి. ముందు మీవాడే వినడు."

అచ్చిబాబు టీ గ్లాసు తీసుకుని, తాగకుండా మళ్ళీ బల్ల మీద పెట్టాడు. తలపాగా చుట్టుకున్నాడు. చుట్టుకుంటూనే డ్రైవరుతో, "ఆ అంట్లు పాక వైపు తీసుకెళ్ళి దింపురా. షెడ్డు వైపు వద్దు" అన్నాడు. రూతు వైపు మాత్రం చూడలేదు. పుణె లారీ దగ్గరికి వెళ్ళి క్రోటన్లు ఎలా పేర్చారో చూడడం మొదలుపెట్టాడు.

ఇద్దరూ రోడ్డు మీదకి వచ్చారు. రూతు సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. రాజమండ్రి ఆటోలు నిండుగా పోతున్నాయి.

"నాచేత ఆయనకి సారీ చెప్పిస్తావనుకున్నానత్తా."

"చెప్పాలి. అది నేను చెప్పించేదేంటి, నీ నోరు నీది. నీకు ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పుకో. నేనడిగేది వేరే."

"ఏంటి?"

వాడు శనివారం కోసం తెల్లప్యాంటు కుట్టించుకున్న సంగతి ఆవిడకి తెలుసు. కాకినాడలో పెద్ద రిఫరీల పక్కన నిలబడతాననీ, అక్కడినుంచి రాష్ట్రం పోటీలకి పిలుస్తారేమోననీ వారం నుంచి ఇంట్లో అందరికీ చెప్పుకుంటున్నాడు. ఇన్నాళ్ళకి ఒకచోట కుదురుగా నిలబడ్డాడని వాళ్ళమ్మ మొక్కు కూడా చెల్లించింది.

ఒక ఆటో ఆగింది. రూతు దాన్ని పొమ్మంది.

"శనివారం నువ్వు కాకినాడ రావద్దురా రాజూ. రిఫరీకి వేరే ఎవర్నైనా చూసుకుంటాను. ఆరోజు ఆట చూడ్డానికి మిగతా పిల్లలందర్నీ తీసుకుని నేను వెళ్ళిపోతాను, సాయి ఒక్కడే ఇక్కడ మిగిలిపోతాడు. వాడు షెడ్డుకి వస్తాడు, నాకు తెలుసు, రాకుండా ఉండలేడు. తాళం వేసి ఉంటే ఆ గుమ్మంలో నిలబడి వెనక్కెళ్ళిపోతాడు, మళ్ళీ ఎప్పటికీ రాడు. నువ్వుండు. కత్తివ్వకు, ఊరికే అడుగులు వేయించు. వాణ్ణేమీ అనకు. ఈ ఒక్కటీ చేసిపెట్టు నాకు."